దోహాలో ఆమెన్ లేని పాట

దోహా వెళ్ళొచ్చినవాళ్ళు బంగారం ధర చెబుతారు, ఎండ సంగతి చెబుతారు, రోడ్ల నునుపు చెబుతారు. నా దగ్గర చెప్పడానికి ఉన్నది భయం ఒక్కటే. ఇరవై మూడు రోజులు అక్కడ ఉన్నాను, ఇరవై మూడు రోజులూ భయపడ్డాను. ఇందులో ఆ దేశం తప్పు ఏమీ లేదు. నేను పుట్టుకతోనే తాడును చూసి పామనుకునే రకం. పాలకొల్లు మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళుగా పాటల మాస్టారుగా చేస్తూ, ఇవాళ్టికీ హెడ్మాస్టరు గదిలోకి దగ్గకుండా అడుగు పెట్టను.

అటువంటివాణ్ణి విమానం ఎందుకు ఎక్కానంటే, మా బావమరిది రత్నరాజు వల్ల. అతను దోహాలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్, భార్య సులోచన అక్కడే కంటి ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ శుక్రవారం ప్రార్థన కూడికలో పాడే పదకొండు మందికి క్రిస్మస్ పాటలు నేర్పాలని విజిట్ వీసా పంపించారు. మొన్న తొంభై ఎనిమిది డిసెంబరు నెల అది.

విమానాశ్రయంలో

కస్టమ్స్ ఆఫీసరు నా పెట్టెలో ఆవకాయ సీసా చూశాడు, పూతరేకుల డబ్బా చూశాడు, ఏమీ అనలేదు. చివర్న నా నోటు పుస్తకం తీసి అక్కడ ఆగాడు.

మా చర్చి పాటలు దొరల సంగీతంలా ఐదు గీతల మీద రాయరు. సరిగమలకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య చుక్కలు, నిలువు గీతలు. వెనకటి దొరలు నేర్పిన పద్ధతి. తెలియనివాడికి అది గూఢచారి రాసుకున్న చిట్టాలాగే ఉంటుంది. ఆ సంగతి నాకు పాలకొల్లులో తట్టలేదు, అక్కడ ఆ మనిషి కనుబొమలు దగ్గరకు వచ్చినప్పుడు తట్టింది.

"ఏమిటిది?" అన్నాడు ఇంగ్లీషులో.

"పాట సార్."

"అయితే పాడు."

ముచ్చెమటలు పోశాయి. వెయ్యి పాటలు వచ్చినవాడికి ఒక్కటీ గుర్తు రాలేదు. వెనక లైనులో నూటయాభై మంది ఉండగా, పిల్లలకు మొదటి రోజు నేర్పే ఏడు స్వరాలు ఎక్కుతూ దిగుతూ పాడాను. పై స్వరం దగ్గర గొంతు చీలింది. ఆఫీసరు నవ్వు ఆపుకుని పుస్తకం మూసి, "యల్లా" అన్నాడు. అంటే పొమ్మని.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్

రత్నం వాళ్ళుండేది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, ఒక విల్లాలో మూడో వాటా. ఒకే విల్లాను గోడలు పెట్టి నలుగురికి అద్దెకిస్తారు. మన దగ్గర వాటాల ఇల్లంటే పక్కింటి పోపు వాసన బట్టి వాళ్ళ కూర చెప్పేస్తాం. అక్కడ వాసన తెలుస్తుంది గాని మనిషి తెలియడు. ముందు వాటాలో మలయాళీ కుటుంబం, వెనక ఫిలిప్పీన్స్ ఆడపిల్లలు. ఆనుకుని ఉన్న గోడ అవతల ఎవరో కొత్తగా చేరారు.

"ఎవరు?" అని అడిగాను.

"తెలీదు బావగారూ. డ్యూటీ టైములు వేరు. ఒక మగమనిషి, కారు లేదు. అంతే తెలుసు," అన్నాడు రత్నం.

ఆ దేశంలో ఇంకా చర్చి భవనం లేదు. ఇళ్ళలో నెమ్మదిగా ప్రార్థన చేసుకుంటే ఎవరూ ఏమీ అనరని అందరూ చెప్పారు. కాని ఆ చెప్పడం కూడా గొంతు తగ్గించే చెప్పారు. శుక్రవారం మనవాళ్ళు వచ్చే పద్ధతి చూస్తే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇద్దరిద్దరుగా, పావుగంట తేడాలో వస్తారు. చెప్పులు గుమ్మం బయట విడిస్తే లెక్క తెలిసిపోతుందని లోపలికి తెచ్చి స్నానాల తొట్టిలో పేరుస్తారు. కిటికీలకు బొంతలు కడతారు. చలికాలమైనా సరే, పాట బయటికి వినపడకుండా చప్పుడు కోసం ఏసీ వేస్తారు. మా ఊళ్ళో మైకు కట్టి నాలుగు వీధులకు వినపడేలా పాడించినవాణ్ణి, అక్కడ "మెల్లిగా, ఇంకా మెల్లిగా" అంటూ చేతులు కిందికి ఊపుతూ పాట నేర్పాను.

వెస్ట్ బే

నాలుగో రోజున సులోచన ఆసుపత్రి నుంచి వచ్చి, "అన్నయ్యగారూ, నేనొక పొరపాటు చేశాను, కోప్పడకండి," అంది.

ఆమె వార్డుకు బ్రెజిల్ దేశపు పెద్దాయన ఒకాయన వస్తున్నాడట. పేరు బెంతో. పాటలు కట్టే మనిషి, పెద్ద పెద్ద వాద్యబృందాలకు సంగీతం రాసినవాడు. చూపు దాదాపు పోయింది. చేతిలో ఎప్పుడూ ఒక అట్ట సంచీ పట్టుకునే ఉంటాడట. మా ఇంటికొచ్చిన అన్నయ్యగారు చేత్తో పాట రాస్తారని ఈమె నోరు జారింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మర్నాడు వెస్ట్ బేకి తీసుకెళ్ళారు. ఆ పెద్ద హోటళ్ళ మధ్య నడుస్తుంటే ఎవరైనా వచ్చి ఇక్కడ నీకేం పని అని అడుగుతారేమోనని రత్నం మోచెయ్యి వదల్లేదు నేను. బెంతోగారి అల్లుడు అక్కడ ఫుట్‌బాల్ కోచ్. కూతురు లూసియా తలుపు తీసి, ముందు అన్నం తినమంది. నల్ల చిక్కుడు గింజల పులుసు, అన్నం, పైన వేయించిన పొడి ఏదో. ఏమిటని అడిగితే కర్రపెండలం పిండి అంది. మా పెద్దాపురం వైపు పండే కర్రపెండలమే! ఆ ఇంట్లో నేను భయపడకుండా చేసిన పని ఆ పొడి రెండోసారి వడ్డించుకోవడం ఒక్కటే.

భోజనాల దగ్గర ఆయన తన కథ చెప్పాడు. ఇంగ్లీషు నాదీ అంతంతే, ఆయనదీ అంతంతే, అందుకని బాగా అర్థమైంది. తండ్రి చిన్న ఊళ్ళో దర్జీ, ఆదివారాలు బ్యాండులో బాకా ఊదేవాడు. తొమ్మిదేళ్ళప్పటి నుంచి ఆ బ్యాండు కాగితాలకు నకళ్ళు రాస్తూ ఈయన సంగీతం నేర్చుకున్నాడు. పట్నం వెళ్ళి చదివాడు. రేడియోలో సబ్బు ప్రకటనల మధ్య వాయించే ముక్కలు రాసి పిల్లను పెంచాడు. మూడు సింఫనీలు రాశాడు. మొదటిది ఒకేసారి వాయించారు, ఆ రోజు వాన.

"ఎంతమంది వచ్చారండీ?" అన్నాను.

"వాయించేవాళ్ళే ఎక్కువ," అన్నాడు.

భార్య దల్వా రేడియో బృందంలో పాడేది. పదిహేనేళ్ళ కిందట పుట్టింటికి వెళుతుంటే నదిలో పడవ మునిగింది. అందరూ దొరికారు, ఆమె దొరకలేదు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఆ మాటకు వివరం అక్కర్లేదు.

అట్ట సంచీలో ఉన్నది ఆమె మీద కట్టిన పాట. వాద్యాలు లేవు, నాలుగు రకాల గొంతులు మాత్రమే. చూపు పోతూ ఉండగా రాసినది కనుక గీతలు వంకర టింకరగా ఉన్నాయి. ఉన్న ప్రతి అదొక్కటే. శనివారం ఆయన్ని గుండె ఆపరేషనుకు స్వదేశం తీసుకెళుతున్నారు. తిరిగి లేస్తాడా అంటే డాక్టర్లు మాట దాటేస్తున్నారని లూసియా వంటింట్లో నాతో చెప్పింది. దోహాలో పాడగల తెల్లవాళ్ళంతా క్రిస్మస్ సెలవులకు వెళ్ళిపోయారు. ఆ పాటను ఇంతవరకు ఎవరూ పాడలేదు, ఆయన వినలేదు.

"ఒక్కసారి వినాలి," అన్నాడు బెంతోగారు. "మీవాళ్ళు పాడతారా?"

కాదనడానికి ధైర్యం కావాలి. నాకది లేదు. "సరేనండి," అన్నాను.

ఉమ్ సలాల్

ఐదు గీతల పాటను మా అక్షరాల్లోకి మార్చి, పదకొండు మందికీ విడివిడిగా నకళ్ళు రాయాలి. ఆయన ఇచ్చి పంపిన అట్ట సంచీని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. నిప్పు గురించి, నీళ్ళ గురించి, రత్నం ఇంట్లో బొద్దింకల గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను.

మా బృందంలో బాగా కింది స్వరం పలికేది ఇస్సాకు ఒక్కడే. రాజోలు మనిషి, ఊరికి ఉత్తరాన ఉమ్ సలాల్లో ఒక తోటలో డ్రైవరు. అతనికి వారం మధ్యలో సెలవు లేదు గనక నేనే వెళ్ళాను. ఖర్జూరపు చెట్ల కింద మేకల మధ్య నిలబెట్టి అతని వరస నేర్పుతున్నాను. ఇంతలో తెల్ల ల్యాండ్ క్రూజర్ వచ్చి ఆగింది. తోట యజమాని. నేను కాగితాలు చొక్కాలో దోపేసుకున్నాను.

"భయపడకండి మాస్టారూ, మా అర్బాబు మంచోడండి. కూచోమంటన్నాడండి," అన్నాడు ఇస్సాకు.

చాప మీద కూర్చోబెట్టి, చెవి లేని చిన్న గిన్నెలో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోశారు. ఏలకుల వాసన, కషాయం చేదు. తాగి కింద పెట్టబోతే మళ్ళీ పోశారు. మన దగ్గర అతిథి వద్దన్నా వడ్డిస్తారు కదా, అలాగేననుకుని తాగాను. మళ్ళీ పోశారు. కాదంటే ఈయనకు కోపం వస్తుందేమో, ఇస్సాకు ఉద్యోగం పోతుందేమో. ఏడు గిన్నెలు తాగాను. ఎనిమిదోసారి ఇస్సాకు చెవిలో చెప్పాడు: "చాలనుకుంటే గిన్నె కాస్త ఊపాలండీ. మీరు ఊపకపోతే ఆళ్ళు ఆపరండీ."

గిన్నె ఊపాను. పెద్దాయన గడ్డం నిమురుకుంటూ హాయిగా నవ్వాడు. ఏం పాడుతున్నారని అడగనే లేదు, వెళ్ళేటప్పుడు ఖర్జూరాల పొట్లం ఇచ్చాడు. ఆ రోజంతా నా గుండె దడదడ ఆడింది గహ్వా వల్లో భయం వల్లో చెప్పలేను.

తిరిగొచ్చి చివరి పేజీ రాస్తూ ఆగిపోయాను. ఆయన మాటలకు లూసియా చెప్పిన అర్థం ఇది: తలుపు తీసే ఉంచాను, దీపం ఉంది, అన్నం ఉంది, వస్తావా? అక్కడితో పాట అయిపోయింది. మన సరిగమల్లో చెప్పాలంటే ఎంత తిరిగినా పాట చివరికి 'స' దగ్గర ఇల్లు చేరాలి. ఇది 'ని' మీద, గడపకు ఒక అడుగు ఇవతల నిలబడిపోయింది.

మా చర్చిలో ఆమెన్ లేకుండా పాట ముగించడమన్నది లేదు. పిల్లల పాటైనా సరే. ఒకసారి మా ఊళ్ళో సమాధి కూడికలో హార్మోనియం చెడిపోయి, చివరి ఆమెన్ పాడకుండా వదిలేశారు. నెల తిరక్కుండా అదే ఇంట్లో ఇంకో శవపెట్టె లేచింది. నా చిన్నప్పుడు కళ్ళారా చూశాను. ఇప్పుడు ఈ పెద్దాయన శనివారం విమానం ఎక్కి కత్తి కిందికి వెళుతున్నాడు. ఆయన పాట నోరు తెరుచుకుని ఉండగా ఎలా పంపించను? నా చేత్తో రాసిన కాగితం వల్ల ఆయనకేమైనా అయితే?

కలం దానంతట అదే కదిలింది. 'ని'ని 'స' దగ్గరికి చేర్చి, నాలుగు వరసలకూ రెండేసి చిన్న ఆమెన్లు రాశాను. పదకొండు కాగితాల మీద. ఆయనకు కనపడదు కదా అనే ఆలోచన కూడా ఆ క్షణంలో వచ్చింది. సిగ్గుతో రాస్తున్నాను ఈ మాట.

గురువారం సాధన

లూసియా ఆయన్ని రత్నం ఇంటికి తీసుకొచ్చింది. సోఫాలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని విన్నాడు. మనవాళ్ళకు పోర్చుగీసు నోరు తిరగక ముక్కలు ముక్కలు చేసినా గొంతులు కుదిరాయి. మధ్యలో ఆయన గడ్డం వణకడం చూశాను. తరవాత వాళ్ళు నా ఆమెన్ కూడా ఎంతో భక్తిగా పాడారు.

గదిలో ఏసీ చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆయన మొహం నా వైపు తిప్పాడు. అరిచి ఉంటే బాగుండేది.

"ఎవరు చనిపోయారు?" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మా ఆచారం చెప్పాను, సమాధి కూడిక సంగతి చెప్పాను, నా భయం చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు.

"ఆమె దొరకలేదు," అన్నాడు. "దొరకని మనిషికి నువ్వు గొయ్యి పూడ్చావు. కొట్టెయ్. నా ముందు కొట్టెయ్."

పదకొండు కాగితాలూ ఒక్కొక్కటే కొట్టేశాను. నా మాట మీద నమ్మకం లేక, లూసియా చేత ఒక్కొక్కటి చదివించుకున్నాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను. కాని ఆయన వెళ్ళిపోయాక మనవాళ్ళందరూ నన్ను చుట్టుముట్టారు.

"ఆమెన్ లేకుండా ఎలా మాస్టారూ? అరిష్టమండి," అన్నాడు ఇస్సాకు.

"ఆపరేషనుకి వెళ్ళే మనిషి అన్నయ్యగారూ," అంది సులోచన. ఆపరేషన్లు రోజూ చూసే ఆమె కూడా ఆ మాటే.

"ఆయన పాట. ఆయన చెప్పినట్టే పాడదాం," అన్నాను. అని లోపలికి వెళ్ళి స్నానాల గదిలో చెప్పుల పక్కన కూర్చుని ప్రార్థన చేసుకున్నాను.

శుక్రవారం

సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాం. బొంతలు కట్టారు, చెప్పులు దాచారు. బెంతోగారు ఇస్త్రీ కోటు వేసుకుని వచ్చాడు. పాడేముందు ఒక్కటే కోరాడు, ఏసీ ఆపమని.

"చప్పుడు బయటికి పోద్ది బావగారూ," అన్నాడు రత్నం నాతో. అతని మొహంలో నెత్తురు లేదు. ఉద్యోగం, వీసా, సులోచన ఉద్యోగం, అన్నీ ఆ స్విచ్చి మీదే ఉన్నట్టు చూశాడు. చివరికి తనే లేచి ఆపాడు.

మనవాళ్ళు ఆ రోజు పాడినట్టు నేనెక్కడా వినలేదు. మెల్లిగా పాడమని చెయ్యి ఊపడం మరిచిపోయాను. వాళ్ళకు పాట మీద ప్రేమ కన్నా దాని చివర మీద భయం ఎక్కువగా ఉంది, ఆ భయం గొంతుల్లో పలికింది. తలుపు తీసే ఉంచాను. దీపం ఉంది. అన్నం ఉంది. కింది గొంతులు ఆగిపోయాయి. సులోచన వాళ్ళ నలుగురి పై గొంతు 'ని' మీద నిలబడింది. వస్తావా? అక్కడ తెగింది.

ఎవరూ ఊపిరి తీసుకోలేదు. నేను బెంతోగారి ఛాతీ కదులుతోందా అని చూస్తున్నాను.

అప్పుడు తలుపు మీద దబదబా బాదారు.

ఇస్సాకు కాగితం నోట్లో కుక్కుకున్నాడు, నిజంగానే. ఎవరో ఏడుపు మింగారు. మళ్ళీ బాదారు, ఇంకా గట్టిగా. రత్నం కదల్లేకపోయాడు. "తియ్యండి," అన్నాడు బెంతోగారు, ఆయనకు మా భయం తెలియదు. వచ్చినవాణ్ణి నేను, విజిట్ వీసా మనిషిని, పంపితే నన్నే పంపుతారు అనుకుని నేనే వెళ్ళి గడియ తీశాను. ఆ నాలుగు అడుగులు నా జీవితంలో నేను వేసిన అన్నిటికన్నా దూరం.

బనీను, లుంగీ, తడి చేతులు. నలభై ఏళ్ళ మనిషి రొప్పుతూ నిలబడ్డాడు.

"సలాం భాయ్. నేను పక్క వాటాల ఉంట, నాది బోధన్. పేరు కరీం. ఏమన్న అయ్యిందా? ఎవరన్న పడిపోయిండ్రా?" అన్నాడు తెలుగులో.

ఎవరికీ ఏమీ కాలేదని తల అడ్డంగా ఊపాను.

"నిన్న గోడ అవతల నుంచి మీ పాట ఇన్న. మంచిగ ముగిసింది. ఇయ్యాల నడుమల తెగిపోయింది. చప్పుడు లేదు ఏం లేదు. గట్ల ఎందుకు ఆగింది, లోపల ఎవరికో ఏమో అయ్యిందని ఉరికొచ్చిన. తప్పైతె మాఫ్ చెయ్యుండ్రి."

వెనక రత్నం కుర్చీలో కూలబడిన చప్పుడు వినపడింది.

"ఎవరు వచ్చారు? ఏమంటున్నాడు?" అని అడిగాడు బెంతోగారు. ఇంగ్లీషులో చెప్పాను. పాట మధ్యలో తెగిందని, లోపల ఎవరికో ఏదో అయిందని పరుగెత్తుకొచ్చాడని.

ఆయన లేచాడు. చేతులు ముందుకు చాపి, సోఫా కాలు తన్నుకుని, తలుపు దాకా వచ్చాడు. కరీం తడి చెయ్యి వెతుక్కుని రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కోటు మీదికి కారుతున్నాయి. నా వైపు తిరిగి అన్నాడు:

"నీ ఆమెన్ పాడి ఉంటే ఇతను వచ్చేవాడా?"

కరీంను లోపలికి రమ్మన్నాం. సులోచన టీ పెట్టింది. ఉమ్ సలాల్ ఖర్జూరాలు అందరికీ పంచింది. కరీం బెంతోగారి పక్కనే కూర్చున్నాడు. ఇద్దరికీ ఒక్క భాషా కలవలేదు. టీ అయ్యేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు. రత్నం లేచి కిటికీ బొంతలు ఒక్కొక్కటే విప్పాడు, ఎవరూ అడక్కుండానే.

శనివారం పొద్దున బెంతోగారు విమానం ఎక్కాడు. సాగనంపడానికి వెళ్ళిన నేను, పెద్దాయన అద్దాల తలుపు దాటాక మనసులో ఒక ఆమెన్ అనుకున్నాను. ధైర్యం ఒక్క రోజులో రాదు.

పాలకొల్లు

వచ్చి నెలన్నర అయింది. ఆపరేషన్ కాగానే రాస్తానంది లూసియా. రత్నం వాళ్ళకూ కబురు లేదు. పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు మా సందులో వినపడితే చాలు, చేతిలో పని ఆగిపోతుంది. ఉత్తరం ఉంటే ఏం రాసి ఉంటుందోనని భయం, లేకపోతే ఎందుకు లేదోనని భయం. మా ఆవిడ, "నేను చూస్తాలెండి, మీరు కూర్చోండి," అంటుంది. నేనే లేచి వెళ్ళి తలుపు తీస్తున్నాను.